లావు ట్యాంకు

మంగళవారం పొద్దున్న మా సైన్సు మేష్టారు పోయారు. కబురు తెచ్చింది మా వాడ సంఘానికి పెద్దగా ఉన్నాయన కొడుకు. గుమ్మంలో నిలబడి, "మన వాడకి నీళ్లిచ్చిన మనిషి ఎల్లిపోనారమ్మా" అన్నాడు. ఏడుపు రావలసిన చోట నాకు ఒళ్లు మండింది. ఆ మాట వాడలో ఇంకెవరన్నా అనొచ్చుగానీ ఈ తండ్రీకొడుకులు అనకూడదు. ఎందుకు అనకూడదో చెప్పకుండా మేష్టారి గురించి ఏం రాసినా అబద్ధమే అవుతుంది.

ఖరగ్‌పూర్‌లో గోల్‌బజార్ వెనక మా వాడంతా తెలుగువాళ్లమే. తాతల కాలంలో శ్రీకాకుళం వైపునుంచి రైల్వే వర్క్‌షాపు పనికొచ్చి ఇక్కడే పాతుకుపోయినవాళ్లం. ఎనభైల్లో ఒక్కో ఇంటి మీదా ఒక్కో మేడ లేచింది. నీళ్లు మాత్రం అందరికీ ఒకటే బోరు, ఒకటే ట్యాంకు. ఆ ట్యాంకు ఇటుక దిమ్మ మీద, కింది ఇళ్ల కప్పుల కంటే కాస్త పైన ఉండేది. కింది వాటాల్లో కుళాయిలు బాగానే పోసేవి. మేడ మీద మా కుళాయిలో ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు సన్నటి ధార వచ్చేది, కాసేపటికి అదీ ఆగిపోయేది. మా అమ్మ తెల్లారి లేచిందగ్గర్నుంచి బిందెలు మోసుకుంటూ మెట్లెక్కడమే.

మేష్టారు మా కింది వాటాలో ఉండేవారు. ఆయనకి నీళ్ల బాధ లేదు. తెలుగు బడిలో సైన్సు చెప్పేవారు. పుస్తకం తెరవకముందే మమ్మల్ని బడి వెనక బావి దగ్గరికి తీసుకుపోయేవారు. ఒక్కొక్కరి చేతా చేద లాగించేవారు.

"నీళ్లలో ఉన్నంతసేపు తేలిగ్గా ఉందా? బయటికొచ్చీసరికి బరువెక్కిందా? మరి చేద మారిందేటి?"

"లేదండీ."

"కిందనున్న నీళ్లు దాన్ని పైకి తోస్తన్నాయి. బయటికొచ్చినాక తోసే దిక్కు లేదు. అంతే."

తప్పు చెప్పినవాళ్లని తిట్టేవారు కాదు. "ఇంకోసారి కొలిసి సూడు" అనేవారు. సుద్దముక్క పట్టుకున్న చేతిని చొక్కాకే తుడుచుకోవడం వల్ల ఆయన పొట్ట దగ్గర ఎప్పుడూ తెల్లటి మరక ఉండేది. ఆ చొక్కాతోనే పెళ్లిళ్లకి కూడా వచ్చేసేవారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా సంఘం కొత్త ట్యాంకు కట్టాలని తలపెట్టింది. పాతదానికి మూడింతల లావు ట్యాంకు, అదే ఎత్తులో. సంఘం పెద్ద వర్క్‌షాపులో బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. మీటింగులో మేష్టారు లేచి, లావు పెంచితే ఎక్కువసేపు వస్తాయిగానీ మేడ మీదికి ఎక్కవు, దిమ్మ ఎత్తు పెంచమని అడిగారు. "నీళ్లు ఎత్తునే సూస్తాయండీ, లావుని సూడవు" అన్నారు.

పెద్దాయన నవ్వాడు. "ముప్పయ్యేళ్లు బాయిలర్ల కాడ సచ్చినాను. ప్రెజరంటే ఏటో నాకు సెప్తారేటి మేష్టారూ? పెద్ద ఇంజనుకి పెద్ద బాయిలర్. పెద్ద బాయిలర్‌కి పెద్ద ప్రెజర్."

నిప్పు పెట్టి ఆవిరిని బిగించినప్పుడు పుట్టే ప్రెజర్ వేరు, ఊరికే నిలబడ్డ నీళ్ల ప్రెజర్ వేరు. కుళాయిలో నీళ్లని నెట్టేది దానికంటే పైన నిలబడ్డ నీటి ఎత్తు ఒక్కటే. వాడలో సగంమంది ఆవిరి ఇంజన్ల మీద బతికినవాళ్లు కావడంతో అందరికీ పెద్దాయన మాటే సబబుగా తోచింది.

మర్నాడు మేష్టారు వాకిట్లో ఒక నూనె డ్రమ్మూ, దానంతే ఎత్తున్న సన్నటి గొట్టమూ నిలబెట్టారు. రెండింటికీ అడుగున ఒకే సైజు చిల్లి. రెండింట్లోనూ అంచుదాకా నీళ్లు. గొట్టంలో మట్టం తగ్గకుండా స్టూలెక్కి చెంబుతో పోస్తూ ఉండడం నా పని. చిల్లుల బిరడాలు లాగారు. రెండు ధారలూ ఒకే దూరంలో పడ్డాయి. నేను స్టూలు మీద గంతేశాను.

పెద్దాయన నావైపు వేలు చూపించాడు. "పక్కన ఈ ఆడగుంట పోస్తానే ఉంటే ఎందుకు రావు? మా సెవిలో పువ్వులెడతన్నారేటి?"

"పొయ్యకపోతే గొట్టంలో ఎత్తు తగ్గిపోద్ది కదండీ..." అన్నారు మేష్టారు. మిగతా మాట నవ్వుల్లో కలిసిపోయింది. పోసింది నేను కాబట్టి ఆ నవ్వు నాకు ఇప్పటికీ మంటే. చూసినవాళ్లలో ఆ సంగతి అర్థమైంది ట్యాంకు కట్టడానికొచ్చిన బెంగాలీ మిస్త్రీకి ఒక్కడికే. గోడల మట్టం చూసుకోవడానికి రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తున నిలిచే ప్లాస్టిక్ గొట్టం రోజూ పట్టుకునేవాడు కదా. "దాదా, మాస్టర్‌మశాయ్ ఠీక్ బోల్ఛేన్", మేష్టారు చెప్పేది నిజమే అన్నాడు. నీ పని నువ్వు చూసుకోమన్నాడు పెద్దాయన. ఆ సాయంత్రమే తీర్మానం రాసి సంతకాలు పెట్టించాడు.

కొత్త ట్యాంకుకి కొబ్బరికాయ కొట్టారు, అందరికీ రసగుల్లాలు పంచారు. మా అమ్మ కుళాయి కింద బిందె పెట్టి తిప్పింది. అదే సన్నటి ధార. "గొట్టంలో గాలి పట్టీసింది, రెండ్రోజులకి సర్దుకుంటాది" అన్నాడు పెద్దాయన. ఆ రెండ్రోజులు ఎన్ని నెలలైనా గడవలేదు. వానాకాలంలో ఒక పొద్దున్న తడి మెట్ల మీద బిందెతో సహా అమ్మ జారిపడింది. తొడ ఎముక విరిగింది. అతుకు సరిగా పడక ఆ కాలు పొట్టిదైపోయింది.

అమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు మేష్టారు పైకొచ్చారు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"అమ్మా, ఆ తీర్మానం మీద నేనూ సంతకం పెట్టినాను. తప్పని తెలిసే పెట్టినాను. అందరూ ఒక మాట మీదున్నారు, నేనొక్కణ్నీ ఎందుకనుకున్నాను."

"మీరొక్కరే పెట్టనేదు కదా మేష్టారూ" అంది అమ్మ.

నేను అమ్మంత మంచిదాన్ని కాదు. నాకు ఆయన మీద ఇప్పటికీ కోపమే. పిల్లలకి ఇంకోసారి కొలవమని చెప్పే మనిషి, కొలిచి చూసిన నిజాన్ని నలుగురి నవ్వుకి భయపడి వదిలేశారు. గట్టిగా అరవలేదు. సంతకం పెట్టనని లేచి వచ్చేయలేదు. ఈ మాట ఆయన బతికుండగా మొహం మీద అనలేకపోయినందుకు నా మీద నాకూ కోపమే.

మర్నాటినుంచి బడికెళ్లేముందు మా నీళ్లు ఆయనే మోశారు. నాన్న షిఫ్టు దిగొచ్చి వద్దని బతిమాలినా వినలేదు. నేను బిందె పట్టుకోబోతే "నీకు పరీక్షలున్నాయి, పో" అని కసిరారు. అలా రెండేళ్ల పైన. సంఘంలో ఒక్కరూ వచ్చి ఆయన చేతిలో బిందె అందుకోలేదు.

తర్వాత పెద్దాయన కూతురు కాపురానికి మా ఎదురింటి మేడ మీదికి వచ్చింది. నెల తిరక్కుండానే అదే మిస్త్రీని పిలిపించి దిమ్మని ఇంకో రెండు నిలువులు లేపి దాని మీద ట్యాంకు మళ్లీ కట్టించారు. ఎంత ఎత్తు కావాలో లెక్క కట్టిచ్చింది మేష్టారే. దిమ్మ మీద రాయించుకున్న పేరు మాత్రం పెద్దాయనది. ఆ రోజు మేష్టారు మా కుళాయి కింద చెయ్యి పెట్టి చూసుకుని, చొక్కాకి తుడుచుకుని బడికెళ్లిపోయారు.

మంగళవారం మధ్యాహ్నం ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. పెద్దాయన కుర్చీలో కూర్చుని, "నేనూ మేష్టారూ కలిసి ఈ ట్యాంకు..." అని ఎవరికో చెబుతున్నాడు. నేను ఆగలేకపోయాను. "మీరు నవ్వినారు. మా అమ్మ కాలిరిగింది. ఆయన మోసినారు. సెప్తే అది సెప్పండి" అని అందరి ముందూ అరిచాను. నా చెయ్యి పట్టుకుని ఎవరో వెనక్కి లాగారు.

స్నానం చేయించడానికి కింది కుళాయి దగ్గర బిందెలు నింపుతున్నారు. ఇంతలో మా మెట్ల మీద అలికిడైంది. అమ్మ. మేడ మీది కుళాయి నీళ్లు నిండు బిందె చంకనెట్టుకుని, ఇంకో చేత్తో గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగుతోంది. పరుగెత్తుకెళ్లి అందుకోబోయాను.

"ఒగ్గీ" అంది. "నానే తెస్తాను."

వాకిట్లో అందరూ మెట్లవైపే చూస్తున్నారు. అమ్మ మంచి కాలు ముందు కింది మెట్టు మీద పెట్టి, పొట్టి కాలు దాని పక్కకి చేర్చుకుని, బిందెలో నీళ్లు కుదుటపడేదాకా ఆగి, మళ్లీ ఇంకో మెట్టు దిగుతోంది.