హుసేనమ్మ పొడిపించిన బొమ్మ

మా అత్త హుసేనమ్మకు చెయ్యి ముందు, నోరు తర్వాత. ఆదోని జిన్నింగు మిల్లులో పత్తి ఏరే ఆడవాళ్ళ మీద మేస్త్రీ ఒకడు చెయ్యి వేశాడు.  ఈమె పక్కనున్న ఇనుప తట్ట తీసి వాడి మొహం మీద కొట్టింది. ముక్కు పగిలి నెత్తురు పత్తి కుప్ప మీద పడుతుంటే, "ఆ పత్తి పక్కకు తియ్యండమ్మా, మంచి పత్తి పాడైతాది" అని మళ్ళీ పనిలో కూర్చుందట. ఆ తర్వాత ఆ మేస్త్రీ ఆమెను "అమ్మా" అనే పిలిచేవాడు.

పీర్లకు మొక్కుకుంటే పుట్టిందని ఆమెకు ఆ పేరు పెట్టారు. మేం హిందువులమే. మా వైపు హిందువుల ఇళ్ళలో హుసేనమ్మలూ హుసేనప్పలూ కొల్లలు. నేను ఆమె కోడలిని, రంగమ్మను. ఆమె చేతి దెబ్బ నేనూ తిన్నాను. కాబట్టి ఆమె గురించి చెప్పే హక్కు నాకు మిగతా వాళ్ళకంటే ఎక్కువే ఉంది.

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు నన్ను పొయ్యి దగ్గరికి పిలిచింది.

"మే రంగీ, నీ మొగుణ్ని పగటేల సూసినావా?"

"రోజూ సూస్తానే ఉండా గదత్తా."

"మొగం గాదే, ఒళ్ళు. యాడ మచ్చుందో, యాడ గాయముందో సూసి గుర్తు పెట్టుకో."

నేను సిగ్గుతో చచ్చాను. ముసలిదానికి మతి పోయిందనుకున్నాను. నవ్వాను కూడా. నెత్తి మీద ఒక్కటి మొట్టి, అప్పుడు చెప్పింది తన కథ.

మా అత్తగారి ఊరు ఆస్పరికి అవతల. పేరు చెప్పను, మా వాళ్ళు అక్కడ ఇంకా బతకాలి. కైరుప్పలలో ఉగాది తర్వాత రెండు జట్లుగా చీలి పిడకలతో కొట్టుకుంటారు చూడండి, తలలు పగిలినా మర్నాడు విభూతి పూసుకుని కలిసి తిరుగుతారు. మా ఊళ్ళో కూడా రెండు జట్లే. కానీ కొట్టుకునేది పిడకలతో కాదు, మర్నాడు కలిసి తిరగడానికి అందరూ మిగలరు. మా మామ ఈరన్న ఒక పెద్దమనిషికి కుడిచెయ్యి. డెబ్బై ఒకటిలో ఆయన్నీ, తిక్కయ్య అని ఇంకొకాయన్నీ చేలో పడేసి నరికారు. నరికి, తలలు ఎత్తుకుపోయారు.

రెండు మొండేలను ఒకే ఎద్దులబండిలో, ఒకే గోనెపట్ట కింద ఊళ్ళోకి తెచ్చారు. గుడ్డలు లేవు. ఇద్దరూ నలుపే, ఇద్దరిదీ ఒకే ఒంటి కట్టు. పోలీసాయన మా అత్తనూ తిక్కయ్య పెళ్ళాన్నీ పిలిచి, ఎవరిది ఏదో చూసుకోండి అన్నాడు.

"పదేండ్లు కాపరం జేసినా మే," అంది మా అత్త, పొయ్యిలోకి చూస్తూ. "తెల్లారకముందే సేనికి పోతాడు, పొద్దుగూకినాక వస్తాడు. దీపం ఆర్పినాకే పక్కలోకి వస్తాడు. నాకు తెలిసింది ఆయన మొగమొకటే. ఆ మొగం ఆడ లేదు."

ఆమె ఒక మొండేన్ని చూపించింది. తిక్కయ్య పెళ్ళాం కూడా దాన్నే చూపించింది. నాదంటే నాదని ఇద్దరూ జుట్లు పట్టుకుని, ఆ నెత్తురు బండి పక్కన దుమ్ములో పడి కొట్టుకున్నారు. చివరికి ఊరివాళ్ళే చెరొకటి పంచి పూడ్పించారు. తాను పూడ్చింది మొగుణ్నా, తిక్కయ్యనా అన్నది ఆమెకు చచ్చేదాకా తెలియలేదు. ఏటేటా పోయి రెండు సమాధుల దగ్గరా అన్నం పెట్టి వచ్చేది. తిక్కయ్య పెళ్ళాం కూడా రెండింటి దగ్గరా పెట్టేది. ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు.

ఆ ఏడే ఆరేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని ఆదోనికి వచ్చేసింది. షరీఫా బీ అనే ఆమె వాకిట్లో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుంది. కొడుకు కాశప్ప పెద్దవాడై పత్తి మార్కెట్లో హమాలీ అయ్యాడు. మొహం అచ్చం వాళ్ళ నాయనదేనని ఊరివాళ్ళంతా అనేవారు.

ఎనభై నాలుగు మొదట్లో జయన్న మా ఇంటికి వచ్చాడు. మా మామ ఏ పెద్దమనిషి కోసం చచ్చాడో, ఆ పెద్దమనిషి కొడుకు ఈ జయన్న. జీపు దిగి, మా గడప మీద కూర్చుని, కాశప్ప భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ నాయన మా నాయనకోసం సచ్చినాడు. సంపినోళ్ళు మీసం మెలేసి తిరుగుతాండారు. నువ్వేమో ఈడ మూటలు మోస్తాండావు. ఏం కాశప్పా, నెత్తురు సల్లబడిందా?"

అంతే. మా ఆయన మూటలు వదిలేశాడు. ఎమ్మిగనూరు జాతరలో మిషను పెట్టి పచ్చబొట్లు పొడిచేవాళ్ళు వస్తారు. అక్కడ జయన్న మనుషులంతా రొమ్ము మీద సింహం బొమ్మ పొడిపించుకోవాలని ఆజ్ఞ. ఒకసారి సింహం పడితే ఇక జట్టు మారడానికి లేదు.

ఇంట్లో యుద్ధమే జరిగింది. నేను కాళ్ళు పట్టుకున్నాను, తన్నాడు. మా అత్త చెంప మీద కొట్టింది, రెండో చెంప చూపించాడు. "మా నాయన్ను నరికినోణ్ని నరకందే నేను మొగోణ్ని కాను" అన్నాడు. ఆ మాటతో మా అత్త చల్లబడిపోయింది. ఆమె అరిస్తే నాకు భయం లేదు. చల్లబడితేనే నాకు భయం.

"సరే పోరా," అంది. "సింహం కూడా ఏపిచ్చుకో. కానీ ముందు ఈపు మీద మీ నాయన బొమ్మ ఏపిచ్చుకో. సచ్చినాక మన ఎంట వచ్చేది పచ్చబొట్టొకటే. రొమ్ము మీది సింహం జయన్నది. ఈపు మీది బొమ్మ మీ నాయనది."

కాశప్ప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏపీయిమా" అన్నాడు. పిచ్చినాయాలు, అమ్మ దారికొచ్చిందనుకున్నాడు.

జాతరకు నాలుగు రోజుల ముందు సుంకులమ్మ వచ్చింది. తరాలుగా చేత్తో పచ్చబొట్లు పొడిచే ఇంటి మనిషి. దీపం మసిలో ఆకు పసరు కలిపి, సూదులు కట్టగట్టి దారం చుట్టుకుని కూర్చుంది. వాకిట్లో చాప మీద కాశప్ప బోర్లా పడుకున్నాడు. మా అత్త అతని తల దగ్గర కూర్చుంది.

"నాయన మొగం బాగా రావల్ల, సుంకులమ్మా," అన్నాడు.

"తలకాయ సంగతి నేను సూసుకుంటాలే, నువ్వు పండుకో," అంది మా అత్త.

ఆమె చెబుతూ పోయింది, సుంకులమ్మ పొడుస్తూ పోయింది. కాళ్ళు నడుం దగ్గర మొదలయ్యాయి. ఒక మోకాలు మడిచి ఉంది. ఎడమ చెయ్యి పొట్ట మీద, కుడి చెయ్యి పక్కకు పడిపోయి ఉంది, అరచెయ్యి పైకి. వేళ్ళు విప్పి ఉన్నాయి. చుక్కచుక్కకూ నెత్తురు ఉబికేది, సుంకులమ్మ తుడిచేది, కింద పచ్చటి గీత తేలేది. నిలబడిన మనిషి అట్లా ఉండడని నాకు మెల్లగా అర్థమైంది. బండిలో పడి ఉన్న మనిషి అట్లా ఉంటాడు.

బొమ్మ భుజాలు దాటింది. మెడ దగ్గరికి వచ్చేసరికి సుంకులమ్మ సూదులు ఎత్తి మా అత్త మొహం చూసింది. మా అత్త కొడుకు మెడ వెనక వేలితో అడ్డంగా గీసి, ఇంతవరకే అన్నట్టు తల ఊపింది. నేను నోరు తెరిచాను. నా మణికట్టు పట్టుకుని నొక్కింది చూడండి, గాజులు పగిలి గుచ్చుకున్నాయి. 

సుంకులమ్మ ఒక దండం పెట్టి, అడ్డంగా చివరి గీత పొడిచింది. కూలి కూడా తీసుకోకుండా లేచి పోయింది.

"ఎట్లుంది మే?" అన్నాడు మా ఆయన, నేను పసుపు రాస్తుంటే.

"మీ నాయనే," అన్నాను. ఇంకేం చెప్పమంటారు?

అతను బయటికి పోగానే మా అత్త మీద పడ్డాను. "ఎంత పని జేసినావత్తా! కన్నకొడుకు ఈపు మీద మొండెమా?"

"జయన్న ఎట్లాటోడో నీకు తెల్దు. పిల్లి ఎదురొస్తే జీపు తిప్పుకుంటాడు. తుమ్మితే పయనం మానేస్తాడు. వాళ్ళ నాయనా అంతే. తలకాయ లేని మనిషిని జీపులో పక్కన కూసోబెట్టుకుని కొట్లాటకు పోతాడా వాడు? ఎల్లగొడతాడు."

"కొడితే?"

"కొట్టనీ. కాలిరుగుతాది, చెయ్యిరుగుతాది. తలకాయ ఉంటాది గదా." 

జాతరలో జరిగింది తర్వాత చూసినవాళ్ళు చెప్పారు. మిషనువాడి ముందు జయన్న మనుషులు వరసగా చొక్కాలు విప్పి కూర్చున్నారు. కాశప్ప బనియను పుండుకు అంటుకుపోతే, వెనకున్నవాడు లాగి విప్పాడు. విప్పినవాడు కెవ్వుమని వెనక్కి పడ్డాడు. అందరూ చుట్టూ చేరారు. మొదట ఎవడో నవ్వాడు. తర్వాత ఎవరూ నవ్వలేదు. పుండు మానలేదు కదా, మెడ దగ్గరి గీతలో నెత్తురు అప్పుడే తాజాగా కారుతోందట.

జయన్న వచ్చి చూశాడు. మొహం తెల్లబారిపోయింది.

"రేయ్, మీ యమ్మ నా పాడె గట్టి నీ ఈపు మీద పెట్టి పంపిందిరా!"

కాశప్పకు ఏమీ అర్థం కాలేదు. "మా నాయనన్నా, మా నాయన బొమ్మన్నా" అంటూనే ఉన్నాడట పాపం. పశువుల సంత వెనక్కి ఈడ్చుకుపోయారు. ఎద్దులు కట్టే గుంజలు పీకి కొట్టారు. మొన్నటిదాకా అన్నా తమ్ముడా అన్నవాళ్ళే కొట్టారు. పళ్ళు రాలాయి. పక్కటెముకలు విరిగాయి. జయన్న స్వయంగా బండరాయి ఎత్తి కుడి మోకాలి మీద వేశాడు. ఒకడు కొడవలి తీస్తే మాత్రం జయన్న ఆపాడట. ఆ పీడను చంపితే అది తమ వెంట పడుతుందని అతని భయం. కాశప్పను పేడలో వదిలేసి, అందరూ తలంట్లు పోసుకుని, కొబ్బరికాయలు కొట్టి పోయారు.

ఎద్దులు కొనడానికి పోయిన మా వీధివాళ్ళు అతన్ని బండిలో వేసుకుని తెచ్చారు. నేను బండి చూసి గుండెలు బాదుకుంటూ పరిగెత్తాను. మా అత్త నాకంటే ముందు బండెక్కింది. మొహం మీది నెత్తురు కొంగుతో తుడిచి, ఆ తలను రెండు చేతులా పట్టుకుని చూసుకుంది. అప్పుడు ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది అదే మొదలు.

కాస్త లేవగలిగాక కాశప్ప షరీఫా బీ ఇంటి నుంచి అద్దం తెప్పించాడు. నన్ను ఇంకొక అద్దం పట్టుకోమన్నాడు. వీపు చూసుకున్నాడు.  తర్వాత ఊతకర్ర ఎత్తి, ఒంటికాలి మీద ఎగిరి మా అత్తను కొట్టాడు. భుజం మీద పడింది. ఆమె గోడకు కొట్టుకుని కింద పడింది. షరీఫా బీ "యా అల్లా!" అంటూ పరిగెత్తుకొచ్చింది.

మా అత్త లేచి కొంగు దోపుకుని, మళ్ళీ అతని ముందుకే వచ్చి నిలబడింది.

"ఇంకోటి కొట్రా. నాయన బొమ్మ గావాలంటివి. ఆ బండిలో నాకు మీ నాయన అట్లే వచ్చినాడు. అట్లే ఏపిచ్చినాను. అబద్ధం ఏపీయమంటావా?"

కర్ర జారిపోయింది. కానీ ఆ రోజు నుంచి కాశప్ప తల్లితో మాట మానేశాడు. ఆమె పెట్టిన అన్నం తినలేదు. నా చేత్తో పెడితేనే తినేవాడు. వీపు మండిపోతోందనేవాడు, పుండు మానిపోయాక కూడా. ఆ బొమ్మను కాల్చెయ్యమని ఒకసారి నాకు ఎర్రగా కాలిన అట్లకాడ తెచ్చి ఇచ్చాడు. నేను దాన్ని వీధిలో విసిరేశాను. మా అత్త ఇవన్నీ చూస్తూ మిల్లుకు పోయి వచ్చేది.

ఉగాది వెళ్ళాక ఆస్పరి దారిలో జయన్న జీపు మీద బాంబులు పడ్డాయి. జయన్న చేలకు అడ్డంపడి పారిపోయాడు. జీపులో ఉన్నవాళ్ళు ముగ్గురు అవతలి జట్టుకు దొరికిపోయారు. శవాలను ఆదోని ఆసుపత్రికి తెచ్చారని తెలిసి మేం ముగ్గురం పోయాం. కాశప్ప కర్ర పొడుచుకుంటూ ముందు నడిచాడు.

మూడు మొండేలు. మూడింటి రొమ్ముల మీదా సింహం. ఒకే మిషను, ఒకే అచ్చు, ఒకే చోటు. గుమ్మం దగ్గర ముగ్గురు ఆడవాళ్ళు. మీ ఆయనకు గుర్తేముందమ్మా అని పోలీసాయన ఒక్కొక్కరినీ అడిగాడు.

"సింహం," అంది మొదటామె.

"సింహం," అంది రెండో ఆమె. మూడో ఆమె ఆ మాట కూడా అనలేక నేల మీద కూలబడింది.

మా అత్త వాళ్ళ దగ్గరికి పోయి, "సింహాన్ని ఇడిసిపెట్టండమ్మా. కాళ్ళు సూడండి, సేతులు సూడండి, యాదికి తెచ్చుకోండి" అని ఒక్కొక్కరినీ పట్టుకుని తిప్పింది. ఒకామె మొగుడి కాలి వేలు చిన్నప్పుడే తెగిందట. ఆమె తన మనిషిని దొరకబుచ్చుకుంది. మిగిలిన ఇద్దరికీ ఏమీ గుర్తు రాలేదు. రెండు శవాల నడుమ నేల మీద కూర్చుని, ఒక్కొక్కరు రెండింటి చేతులూ పట్టుకుని ఏడ్చారు. ఒకప్పటి ఎద్దులబండి ముందరే ఉన్నట్టు మా అత్త గోడకు ఆనుకుపోయింది. కాశప్ప ఆ ఇద్దరినీ చూశాడు. తర్వాత తల్లిని చూశాడు.

ఇంటికి వచ్చాక అతను చొక్కా విప్పి వాకిట్లో చాప మీద కూర్చున్నాడు. అద్దంలో వీపు చూసుకున్న రోజు నుంచీ తల్లితో అన్న మొదటి మాట ఇదే.

"అమ్మా, సుంకులమ్మను పిలిపీయి. నాయనకు తలకాయ గూడా ఏపిచ్చుకుంటా."

మా అత్త అతని వెనక్కి పోయి కూర్చుంది. మెడ దగ్గర ఆగిపోయిన పచ్చటి గీత మీద వేలు పెట్టింది. అక్కడి నుంచి మెల్లగా పైకి, జుట్టులోకి పోనిచ్చి, అతని తలను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"తలకాయ సంగతి నేను సూసుకుంటానని సెప్పలేదారా? మళ్ళా ఏపిచ్చేదెందుకు? మీ నాయన మొగమే గదా ఈడుండేది."

కాశప్ప భుజాలు కదిలిపోయాయి. ఆమె అతని నెత్తి మీద ఒక్కటి మొట్టి, లోపలికి చూసి కేకేసింది.

"మే రంగీ, సంగటి దే. నా కొడుక్కు నేనే పెడతా."