దిష్టి చుక్క

శ్రీకాకుళం బైకుల షోరూములో మెకానిక్ గణపతిరావు బండి తాళం ఊరికే చేతికివ్వడు. ముందు చొక్కా అంచుతో అద్దం తుడుస్తాడు. తర్వాత నూనె మరకల చేతులు రెండూ చాపి పది వేళ్లూ చూపిస్తాడు. "కంపినీవోళ్లు ఫోన్ సేసి పనికెన్ని మార్కులని అడుగుతారు బాబూ, పదికి పదీ సెప్పండి" అంటాడు. తొమ్మిదన్నా అక్కడ సున్నా కిందే లెక్క. ఇంకోసారి తగ్గితే పనికి రావద్దన్నారు కూడా. అలా వేళ్లు చాపినప్పుడల్లా అతనికి పొందూరులో నాన్న సైకిల్ షాపు గుర్తొస్తుంది. బాగుచేసిన చక్రాన్ని నాన్న ఒక్క తిప్పు తిప్పి వదిలేవాడు. అది చప్పుడు లేకుండా తిరుగుతుంటే సైకిలాయన "పర్లేదురా" అనేవాడు. ఆ ఒక్క మాటకి నాన్న పొద్దుగూకేదాకా కూనిరాగం తీసేవాడు.

మొన్న చేపలమ్మే ఎర్రన్న, ఉప్పుగాలికి తుప్పుపట్టిన బండి తెచ్చాడు. గణపతిరావు దాన్ని గీకి, తోమి, కొత్తదానిలా చేసిచ్చాడు. ఎర్రన్న దాని చుట్టూ తిరిగి మురిసిపోతుండగానే అతనికి కంపెనీ ఫోన్ వచ్చింది. "తొమ్మిది!" అని అరిచి పెట్టేశాడు.

"ఏటి మావా, పది సెప్పమన్నాను గదా!"

"ముద్దొచ్చే పిల్లకి బుగ్గన సుక్క ఎట్టమేటి? పదికి పదీ అంటే నీ సేతికి దిష్టి తగుల్తాదిరా అల్లుడా!"

సాయంత్రం మేనేజరు పిలిచి, ఆ ఒక్కటీ ఎందుకు తగ్గిందని నిలదీశాడు. గణపతిరావు తల దించుకుని నిలబడ్డాడు. ఎక్కడినుంచో నాన్న కూనిరాగం పెదాల మీదికొచ్చింది.

"పని మరీ బాగా కుదిరిపోనాది సార్" అన్నాడు.