పైనుంచి కొలవాల్సిన నూనె

ఆ రోజుల్లో గుడియాత్తం మొత్తానికి మోటారు బండి ముందు చక్రానికి అటూ ఇటూ ఉండే కుదుపు గొట్టాల్లో నూనె మట్టం సరిచేయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. కే.వి.కుప్పం నుంచి కూడా బండ్లు వచ్చి నా వాకిట్లో వరస కట్టేవి. ఇది అబద్ధం. వచ్చింది ఒకే ఒక్క బండి, అదీ నా మనవరాలిది. నేను ఇళ్లు కట్టే మేస్త్రీని.

విదేశీ సామాన్లు అప్పుడప్పుడే అంగళ్లలో కనబడుతున్న కాలం. సత్తువాచారిలో ఉండే మా అల్లుడు పదేళ్ల కూతురి కోసం మద్రాసు నుంచి పాత డర్ట్ బైక్ తెచ్చాడు. మట్టి దిబ్బల మీద ఎగిరించే పిల్లల బండి. అక్కడ నడిపే చోటు లేక ఆదివారాలు మా ఊరికి, మోర్ధానా దారిలోని బీడుకు వచ్చేవాళ్లు. బండి నా వరండాలో ఉండేది. నా భార్య పోయాక ఆ ఇంట్లో వారమంతా వినబడే గొంతు రేడియోదే.

“గుంతలో పడితే ముందుభాగం దబ్బున కూలబడతా ఉండాది మామా. పాప మణికట్టు నొస్తాదంట. అమ్మేస్తా,” అన్నాడు అల్లుడు.

“అమ్మేదేందప్పా? నేను చేస్తా. ఇట్లాంటివి ఎన్ని చూసినాను!”

ఒక్కటీ చూడలేదు.

మూతలు విప్పి, స్ప్రింగులు లాగి, పాత నూనె ఒంపేశాను. బండితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం మనవరాలు చదివింది: మట్టం నాలుగంగుళాలు. నలభై ఏళ్లు గోడల్ని నేల నుంచి కొలిచిన చెయ్యి నాది. కర్ర ముంచి, అడుగు నుంచి నాలుగంగుళాలు పోశాను. మొదటి గుంతలోనే ఇనుము ఇనుముకు కొట్టుకుంది.

పిల్ల చెయ్యి విదిలించుకుంటూ వచ్చింది. “పుస్తకంలో బొమ్మ సూడు తాతా. బాణం పైనుంచి దిగతా ఉండాది. నూనె పైన నాలుగంగుళాలు ఖాళీ ఉండాలంట. గోడనుకొంటివా?”

“తెలుసులేమ్మా. నీకు తెలుసునో లేదో అని చూసినా.”

ఈసారి గొట్టాన్ని పూర్తిగా కిందికి నొక్కి, నిండా పోసి, గాలిబుడగలు పోయేదాకా పైకీ కిందికీ ఆడించాను. అంచు నుంచి నాలుగంగుళాలకు దిగేదాకా సిరంజితో లాగాను. రెండు గొట్టాలూ సమానం. బండి దిబ్బ మీంచి దూదిలా దిగింది.

“మెకానిక్కయిపోతివే మామా!” అన్నాడు అల్లుడు. “మా ఇంటి పక్కన ప్లాట్లకని లేఅవుట్ వేస్తా ఉండారు, తోలేదానికి కావల్సినంత చోటు. బండి ఇంక ఆడనే పెట్టుకుంటాం.”

నా నోరు నాకంటే ముందు కదిలింది. “పెట్టుకోండి నాయనా. కానీ ఈ నూనె వారం వారం చూడాల. లేకుంటే చెయ్యి విరగతాది.”

వారం వారం చూడాల్సిన నూనె కాదది. అల్లుడు నమ్మాడు.

బండి నా వరండాలోనే ఉండిపోయింది. ఏడాదికి పైగా ప్రతి ఆదివారం మూతలు విప్పాం. మనవరాలే కర్ర దించి చూసేది. నూనె ఎప్పుడూ కర్ర మీద నేను గీసిన గీత దగ్గరే. వాళ్ల నాయన వినేలా, “రొంత తగ్గింది తాతా,” అనేది. నేను ఉత్త సిరంజి ముంచి తీసేవాణ్ణి.

తర్వాత పిల్ల పొడుగై, మోకాళ్లు హ్యాండిల్‌కు తగలసాగాయి. బండి అమ్మకానికి పెట్టారు. కొనేవాళ్లు వచ్చే ఆదివారం కూడా కర్ర దించింది. ఎప్పటికంటే ఎక్కువసేపు చూసింది.

“సరిగ్గానే ఉండాది తాతా.”

కర్ర తుడిచి చూరులో దోపాను.