మా గట్టు మీద డాక్టరమ్మ రాయి

నాకు పెళ్లయిన రెండో ఏడు, తొంభైల చివర్లో, భీమవరం వెళ్లే కాలువ రోడ్డు పక్కన మా పొలం గట్టు మీద ఒక నల్లరాయి వెలిసింది. పొద్దున్నే చేలోకి వెళ్లిన మామయ్యగారు దాన్ని చూసి, కాళ్ల బురదైనా కడుక్కోకుండా ఇంటికొచ్చారు.

"అమ్మాయ్, ఒకసారి రా. దాని మీద ఇంగ్లీషులో ఏదో రాసుంది."

రాయి మీద తెలుగూ ఉంది. అసలు సంగతి ఇంగ్లీషులో దాచారని ఆయన అనుమానం. రెండూ చదివాను. ఎప్పుడో కలరా వచ్చినప్పుడు అమెరికా నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ ఈ చోట గుడారం వేసి రోగులకు వైద్యం చేసిందని రెండింటిలోనూ ఉంది.

"అంతేనా?"

"అంతేనండి."

"ఈ చోట అని ఎందుకు రాశారు? ఈ ఊళ్లో అని రాయొచ్చుగా?"

అప్పట్లో మా చుట్టూ వరిచేలు ఒక్కొక్కటే చేపల చెరువులవుతున్నాయి. రోడ్డు మీద కొత్త ముఖం కనిపిస్తే లీజుకో, కొలతకో వచ్చాడనుకునేవాళ్లం. వాకబు చేయగా, రాజమండ్రిలో ఆ డాక్టరమ్మ పనిచేసిన ఆసుపత్రి వాళ్లు రాయి పాతించారని తెలిసింది. పంచాయతీ ప్రెసిడెంటుగారిని అడిగే పాతామన్నారు వాళ్లు. నన్నెవరూ అడగలేదన్నారు ప్రెసిడెంటుగారు. మామయ్యగారికి ఇద్దరి మాటా నమ్మబుద్ధి కాలేదు.

రాయిని పీకలేదు. పీకితే కేసవుతుందని భయం. ఎండుగడ్డి మోయించి దాని మీద కుప్ప వేయించారు. దారిన పోయేవాళ్లకు గడ్డికుప్పే కనిపించేది.

చలికాలం వచ్చాక ఒకరోజు మా వాకిట్లో కారాగింది. డ్రైవరు దిగి, "ఇక్కడెక్కడో డాక్టరమ్మ రాయి ఉందటండి" అన్నాడు. వెనక సీట్లో తెల్లజుట్టు విదేశీ మనిషి. డాక్టరమ్మ తమ్ముడి మనవరాలట.

మామయ్యగారు నన్ను పక్కకు పిలిచారు. "నువ్వు నడుమ ఉండి మాట్లాడు. ఆవిడ అన్నది అన్నట్టే చెప్పు. బాగుండేలా మార్చకు."

ఇక గడ్డి తీయక తప్పలేదు. ఆయనే తీశారు, ముఖం గంటు పెట్టుకుని. ఆవిడ గట్టు మీద కూర్చుని, మెడలోని గుడ్డతో అక్షరాల మీది ధూళి తుడిచింది. తర్వాత తమ దేశం సంగతి చెప్పింది. వాళ్ల వైపు రోడ్ల పక్కన ఇలాంటి బోర్డులు చాలా ఉంటాయట. ఇక్కడ మొదటి బడి ఉండేదని ఒకటి, ఇక్కడ పడవరేవు ఉండేదని ఒకటి. కార్లలో వెళ్లేవాళ్లు ఆగి, చదువుకుని పోతారట. డాక్టరమ్మ పుట్టిన ఊరి బయటా ఒక బోర్డు ఉందట. దాని మీద గోదావరి పేరు కూడా ఉందట.

"ఆ బోర్డు ఎవరి స్థలంలో ఉందో అడుగు" అన్నారు మామయ్యగారు.

సిగ్గనిపించినా అడిగాను. ఆవిడ ఏమీ అనుకోలేదు.

"ఒక రైతు మొక్కజొన్న చేను అంచున. ఆయన ససేమిరా అన్నాడు. నా భూమి కాజేయడానికే ఇదంతా అన్నాడు."

"మరి ఎలా ఒప్పుకున్నాడు?" అని మామయ్యగారు అడిగించారు.

"ఒప్పుకోలేదు. ఆయన పోయాక కొడుకు పెట్టనిచ్చాడు."

మామయ్యగారు నా ముఖంలోకి చూశారు. "నిజంగా అలాగే అందా?"

"అలాగే అందండి."

ఆయన పెద్దగా నవ్వారు. పాలేరును పిలిచి కొబ్బరిబోండాలు దింపించారు. బోండాం ఆవిడ చేతికిస్తూ, నేను అంతవరకు వినని కథ చెప్పారు. తన తల్లికి చిన్నప్పుడు కలరా సోకితే, బండి మీద ఈ గుడారానికే తెచ్చారట. డాక్టరమ్మ పక్కన కూర్చుని చెంచాతో మందు పోసిందట. ఆ డాక్టరమ్మ చేతుల నిండా గోధుమరంగు మచ్చలుండేవని వాళ్లమ్మ చెప్పేదట. నేను ఇంగ్లీషులో చెబుతుంటే ఆ పెద్దావిడ తన చేతులు చూసుకుని ఏడ్చింది.

కారు వెళ్లాక అత్తయ్యగారు మెల్లగా అన్నారు: "మా అత్తగారిది కోనసీమ. పెళ్లయ్యాకే ఈ ఊరు చూసింది. చిన్నప్పుడు ఆవిడకి ఇక్కడ కలరా వైద్యమేంటమ్మా?"

ఆ సాయంత్రమే మామయ్యగారిని అడిగాను. "మీరు చెప్పింది నిజమేనాండీ?"

ఆయన నా వైపు చూడలేదు. "అంత దూరం నుంచి వచ్చిన మనిషిని, మాకేం తెలీదు పొమ్మని పంపమంటావా?"

అది అవునని చెప్పడమో, కాదని చెప్పడమో నాకు ఇప్పటికీ తెలియదు. మచ్చల సంగతి రాయి మీద లేదు. వచ్చినావిడ చేతుల మీద మాత్రం ఉన్నాయి. ఆయన అవి చూసి కథ అల్లారేమోనని ఒకసారి అనిపిస్తుంది. అత్తయ్యగారికి తెలియని సంగతులు ఆయనకూ వాళ్లమ్మకూ ఉండకూడదా అని ఇంకోసారి అనిపిస్తుంది.

గడ్డి మళ్లీ వేయించలేదు. మర్నాడు మాత్రం నన్ను టేపు ఒక కొస పట్టుకోమని, రాయి దగ్గర నుంచి మా సరిహద్దు దాకా కొలిచారు.