రోలు కప్పుకున్న దుప్పటి

తొంభైల్లో, చింతపల్లి పక్కన మా ఆశ్రమ బడిలో, ఆరో తరగతికి తెలుగు చెప్పిన టీచరమ్మ పార్వతీపురం నుంచి వచ్చారు. ఏ సామెత చెప్పినా చూపుడువేలెత్తి, "సాక్షి ఏదర్రా?" అనేవారు. మాఘమాసంలో మాకులు కూడా వణుకుతాయని చెప్పిన పొద్దున, మమ్మల్ని మంచులోకి తీసుకెళ్లి చెట్లను పట్టుకు చూడమన్నారు. చెట్ల సంగతి తెలీదుగానీ మేమంతా వణికాం. ఆవిడ ఇంకా ఎక్కువ వణికారు. సాక్ష్యం సరిపోయింది.

రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయన్న సామెత దగ్గరే చిక్కొచ్చింది. మేం రోహిణిలోనూ తెల్లవారుజామున నెగడు వేసుకునేవాళ్లం, ఎవరు నమ్ముతారు? ఆ సామెత టీచరమ్మకు వాళ్ల అమ్మమ్మ చెప్పిందట. "సెలవులయ్యాక కూడా సాక్షి దొరక్కపోతే పాఠంలోంచి తీసేద్దాం," అన్నారు. ఆ రోజు ఆవిడ వేలు లేవలేదు.

నాకు మనసొప్పలేదు. బడి తెరిచిన రోజు, మా పెరట్లో పడున్న రోటి ముక్కను జీపులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

"మొన్న రోహిణి ఎండకి పగిలిపోనాది టీచర్."

ఆవిడ పగులు నిండా పట్టిన పచ్చటి నాచును తడిమి, నావైపు చూశారు. "ఎండకి పగిలిన రోలుకి ఈ నాచు ఏటే, గుంటా?"

"మా కొండ మీద ఎండలో కూడా సలేత్తాది కదా టీచర్. దుప్పటి కప్పుకుంది."

శాలువా జారిపోయేదాకా నవ్వారు. తర్వాత బోర్డు మీద రాశారు: రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయి, మన కొండల్లో దుప్పట్లు కప్పుకుంటాయి.

"సాక్షి ఏది టీచర్?" అన్నాడు వెనక బెంచీ గుంటడు.

ఆవిడ వేలెత్తి నన్ను చూపించారు.