లావుపాటి సీమ ఎలుక

ఆ రోజుల్లో మా నరసరావుపేటలో పచారీ కొట్టువాళ్ళ పిల్లలకు అక్షరాలకంటే ముందు అనుమానం వచ్చేది. అమ్మేవాడు ఏది వద్దంటాడో అదే మేలైన సరుకు, తనకోసం దాచుకుంటున్నాడన్నమాట! పదేళ్ళ నా బుర్రలోని శాస్త్రమంతా ఇంతే. (అంత తెలివి ఊళ్ళో మరెవరికీ లేదని నా నమ్మకం.) పక్కింట్లో మిషను ఆసుపత్రి నర్సు ఉండేది. నాకు అత్త. స్వదేశం వెళ్ళిపోతూ ఆసుపత్రి దొరసాని తన సీమ ఎలుకల్ని, అదే గినీ పందులంటారే, వాటిని అత్తకిచ్చి వెళ్ళింది. తోకలేని ఆ బొద్దు ప్రాణుల్ని చూశాక నాకు అన్నం సయించలేదు. పీడించగా పీడించగా నాయన ఒప్పుకున్నాడు. "రెండే! పిల్లల్ని పెట్టినయ్యంటే మాత్రం అన్నిట్నీ వెనక్కిచ్చేస్తా. కొట్లో ఎలకలు చాలవంటే నీకు?"

"మగవి రెండైతే పెద్దయ్యాక కొట్టుకు చస్తయ్యే. ఆడవి తీసుకో, అక్కచెల్లెళ్ళలా పడుంటయ్," అని అత్త రెండు బక్కవాటిని చూపించింది. నా కన్ను మూలనున్న లావుదానిమీద పడింది. "అది ఒద్దే, మొన్నటిదాకా మగదాని పక్కనుంది," అంది. నాలో నేను నవ్వుకున్నాను. ఊరికే ఇచ్చేటప్పుడు తూకం ఎక్కువున్నది ఎవరిస్తారు? "బక్కవి అంటగట్టి నన్ను మోసం చేద్దామనా అత్తా?" అన్నాను. కోప్పడాల్సిన మనిషి పకపకా నవ్వింది. "కొట్టాయన కూతురివనిపించావే!" అని లావుదాన్నీ, ఒక బక్కదాన్నీ బుట్టలో పెట్టింది.

అది ఇంకా లావెక్కుతుంటే నా బేరానికి నేనే మురిసిపోయాను. ఒకనాటి ఉదయం మూత తీస్తే మూడు పిల్లలు! ఒంటినిండా బొచ్చుతో, కళ్ళు తెరుచుకుని, తల్లి వెనక పరుగులు. నా ఏడుపు విని నాయనా, గోడ అవతలినుంచి అత్తా వచ్చారు.

"ఏంది చెల్లెమ్మా, ఇయ్యాల పుట్టినయ్యా ఇయ్యి?"

"ఇయ్యాలే అన్నయ్యా. కళ్ళు తెరుచుకునే పుడతయ్."

నాయన వంగి బుట్టలోకి తొంగిచూశాడు. "మాదానికి పదేళ్ళొచ్చినా తెరుచుకోలా," అన్నాడు. నేను బుట్టను కావలించుకుని బావురుమన్నాను. "ఆపవే! బాలింతను గడప దాటిస్తారా ఎవరన్నా? ఉండనీ," అంటూ పెరట్లోకెళ్ళి గుప్పెడు లేత గరిక కోసుకొచ్చాడు.

అత్త మాత్రం "నేను చెప్పలా?" అనలేదు. ఆ రోజే కాదు, ఎన్నడూ అనలేదు. ఎంత గొప్ప మనిషి! ఆ ఒక్క మాట మింగడం ఈ వయసుకూ నాకు చేతకావడం లేదు. కావాలంటే నా మనవల్ని అడగండి.