వాడు చూడని సిగ్నలు

మా రాయపూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళు ఎవరికి ఏ దారీ తోచకపోయినా నా దగ్గరకు వచ్చేవారు. గూడ్సు ఆఫీసులో గుమాస్తాను, నాలుగు ముక్కలు చదివినవాణ్ణి. ఆదివారం పొద్దున వరండాలో కుర్చీ వేసుకుని అందరికీ సలహాలిచ్చేవాణ్ణి. మా బావమరిది విషయంలోనూ నేను చెప్పవలసిందంతా చెప్పాననీ, మిగతాది వాడి తలరాతనీ ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు.

వాడు ఇంజను మీద ఫైర్‌మన్. విజయనగరం వైపు నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉండేవాడు. బొగ్గు వెయ్యడంలో, ఆవిరి నిలబెట్టడంలో వాడి చెయ్యి మంచిదని డ్రైవర్లు మెచ్చుకునేవారు. అది విని రాయపూర్‌కి దగ్గర్లో తిల్దా అనే ఊళ్ళో బియ్యం మిల్లు సేఠు ఒకాయన బాయిలరు చూసుకోవడానికి వాణ్ణి రమ్మన్నాడు. ఒక ఆదివారం వాడు మా మెట్టు మీద కూచున్నాడు.

"బావా, సేఠు మళ్ళీ కబురెట్టినాడు. ఎల్లిపోనా?"

"ఇంజనెక్కినోడివి, పోయి ఊక ఊదుకుంతావేటిరా? రేపు నువ్వు డ్రైవరువైతే కాలనీ అంతా లేచి నిలబడతాది."

లోపల్నుంచి నా భార్య అంది: "ఆడి మనసులో ఏటుందో అడగరాదా? ఎప్పుడూ మీ ఉపన్యాసమే."

"నువ్వు చుప్‌గా ఉండు," అన్నాను.

వాడు మెట్టు గోకుతూ గొంతు తగ్గించాడు.

"అది కాదు బావా. నిప్పులోకి చూసి చూసి తలెత్తితే సిగ్నలు రెక్క లేచిందో వాలిందో కనపడట్నేదు. అంతా మసక. డాక్టరుకి సెప్పీమంతావా?"

చెబితే వాణ్ణి ఇంజను మీంచి దించేస్తారు. నేనప్పటికే డ్రైవరు బావనని నలుగురిలో చెప్పేసుకున్నాను.

ఇంజను మీద ఒక పద్ధతి ఉంది. సిగ్నలు కనబడగానే డ్రైవరూ ఫైర్‌మనూ ఎవరికి వారు చూసి, ఒకరి తరవాత ఒకరు పైకి కేక వెయ్యాలి. ఒక కన్ను పొరబడినా రెండో కన్ను ఉంటుందని. వాడికి నేనిచ్చిన సలహా ఇది: "డ్రైవరు ఏది కేకేస్తే నువ్వూ అదే గట్టిగా కేకెయ్యి. కళ్ళ మసక నెమ్మదిగా అదే తగ్గుతాది."

వెనక పెట్టెల్లో కూచున్న జనం నాకు గుర్తుకు రాలేదు.

వాడు అలాగే చేశాడు. ఆ తరవాత నాకే భయం పట్టుకుంది. వాడు డ్యూటీకి బయలుదేరినప్పుడల్లా వద్దని చెబుదామని గుమ్మం దాకా వెళ్ళేవాణ్ణి. చెబితే ముందు చెప్పింది తప్పని ఒప్పుకోవాలి. "జాగర్తరా," అని మాత్రం అనేవాణ్ణి. ఏ ప్రమాదమూ జరగలేదు. అందులో నా గొప్పేమీ లేదు, ఆ డ్రైవర్ల చూపు మంచిది.

డ్రైవరు పని ఇచ్చే ముందు కళ్ళు చూస్తారు. డాక్టరు గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. అక్కడ వాడికన్నా ముందు కేక వేసేవాళ్ళు లేరు. ఇంజను మీంచి దించి, స్టేషన్లో దీపాల గదిలో వేశారు. సిగ్నలు దీపాల్లో కిరసనాయిలు పోసి అద్దాలు తుడిచే పని.

నేను తిల్దా వెళ్ళి సేఠు కాళ్ళావేళ్ళా పడ్డాను. బాయిలరు దగ్గర అప్పటికే వేరే మనిషి ఉన్నాడు. సేఠు మర్యాదగా చాయ్ తెప్పించి, "దేర్ కర్ దీ, బాబూజీ," అన్నాడు. ఆలస్యం చేసేశారని. చాయ్ తాగి వచ్చేశాను. ఇంకేం చెయ్యను?

ఇప్పుడు ఆదివారాలు కుర్చీ వెయ్యడం మానేశాను. వాడు మాత్రం వస్తాడు. కిరసనాయిలు వాసనతో అదే మెట్టు మీద కూచుంటాడు.

"ఇప్పుడేటి సెయ్యమంతావు బావా?"

మొన్న, ఇన్నాళ్ళకు, వాణ్ణి అడిగాను: "నీకేటి సెయ్యాలనుందిరా?"

వాడు నా మొహంకేసి చూశాడు. కోపం లేదు. నేనేదో మొదలుపెడితే అందుకుందామని చూస్తున్నాడు.

"నువ్వు సెప్పు బావా," అన్నాడు.

లోపల నా భార్య గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది. ఇద్దరూ నా మాట కోసం ఆగారు.